టపా నుంచి డేటా దాకా: ట్యాగుల చరిత్ర

ఒక టపాలో ఏది శీర్షిక, ఏది రచయిత పేరు, ఏది ప్రచురించిన తేదీ అన్నది చదివేవారికి చూడగానే తెలుస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం అదంతా ఒకే అక్షరాల వరుస. ఏ భాగం ఏమిటో పేరు పెట్టి చెబితే తప్ప వెబ్‌సైట్ వాటిని వేరుచేసి వెతకలేదు, తేదీల వారీగా పేర్చలేదు. రాతను ఇలా డేటాగా మార్చే పద్ధతులకు మూలం ఇంటర్నెట్ కంటే ముందు, అచ్చు పనిలో ఉంది.

రాతప్రతి అంచుల్లో ఎడిటర్లు ఏ అక్షరం ఎంత సైజులో ఉండాలో కంపోజిటర్‌కు గుర్తులు పెట్టేవారు. కంప్యూటర్ టైప్‌సెట్టింగ్ వచ్చాక ఆ గుర్తులే కోడ్‌లయ్యాయి. అయితే అవి రూపాన్నే చెప్పేవి. ఒక యంత్రానికి రాసినవి మరోదానికి పనికొచ్చేవి కావు. విషయాన్నీ రూపాన్నీ వేరుచేయాలని 1967లో విలియం టనిక్లిఫ్ ప్రతిపాదించారు. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ న్యాయ పత్రాల నిర్వహణ కోసం జీఎంఎల్‌ను రూపొందించారు. ‘పెద్ద అక్షరాలు’ అనే సూచనకు బదులు ‘ఇది శీర్షిక’ అని చెప్పడం అందులోని ముఖ్యమైన మార్పు. ఇలా ఒక భాగానికి పేరు పెట్టే గుర్తే ట్యాగు. దాని నుంచి పుట్టిన ఎస్‌జీఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ ఆ పద్ధతి ఆధారంగానే హెచ్‌టీఎంఎల్‌ను తయారుచేశారు. 1991 నాటి తొలి వివరణలో పద్దెనిమిది ట్యాగులే ఉన్నాయి. బ్రౌజర్లు విస్తరించాక రంగులు, ఫాంట్ల ట్యాగులు చేరి రూపానిదే మళ్లీ పైచేయి అయింది. ఎవరి అవసరానికి తగ్గ ట్యాగులు వారే నిర్వచించుకునే ఎక్స్‌ఎంఎల్ 1998లో ప్రమాణంగా వెలువడింది.

1999లో నెట్‌స్కేప్ విడుదల చేసిన ఫీడు పద్ధతి ఆర్‌ఎస్‌ఎస్ ఆ ఎక్స్‌ఎంఎల్‌నే వాడుకుంది. దాని రూపకర్తల్లో ఒకరైన రామనాథన్ గుహ ఐఐటీ మద్రాసు పూర్వ విద్యార్థి. శీర్షిక, లంకె, సారాంశం విడివిడిగా ఉండే ఈ ఫీడు వల్ల ఒక సైటులోని కొత్త టపా ఇతర సైట్లకు తనంతట తానే చేరింది. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటు ఉండటంతో, తెలుగు టపాలకూ ఈ దారి తెరుచుకుంది. వేర్వేరు బ్లాగుల టపాలను ‘కూడలి’ లాంటి సంకలినులు ఒక్కచోట చూపగలిగింది ఈ ఫీడుల వల్లే.

రాసేవారి మీద ట్యాగుల భారం తగ్గించింది మార్క్‌డౌన్. 2004లో ఆరన్ స్వార్ట్జ్ సహకారంతో జాన్ గ్రూబర్ దీన్ని రూపొందించారు. వరుస మొదట్లో ఒక హాష్ గుర్తు పెడితే అది శీర్షిక అవుతుంది. రెండు పేరాల మధ్య ఖాళీ వరుస చాలు. 2008లో వచ్చిన సైట్ తయారీ ప్రోగ్రాం జెకిల్ దీనికి మరో అలవాటు జోడించింది: ఫైలు పైభాగాన మూడేసి హైఫన్ల వరుసల మధ్య శీర్షిక, తేదీ లాంటి వివరాలు రాయడం. ప్రోగ్రాం ముందు ఆ వివరాలను విడదీసి, తర్వాత మిగిలిన రాతను హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది.

ఎవరికి వారు పెట్టుకున్న పేర్లు సెర్చ్ ఇంజిన్లకు అర్థం కావాలంటే ఉమ్మడి పదజాలం కావాలి. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి ప్రారంభించిన స్కీమా డాట్ ఆర్గ్ అలాంటిదే. దాని వెనుకా గుహ కృషి ఉంది. బ్లాగు టపాకు అందులో ప్రత్యేక రకం ఉంది. శీర్షిక, రచయిత, ప్రచురణ తేదీలకు ఖాయమైన పేర్లున్నాయి. ఆ వివరాలను పేజీలో ఒకేచోట పొందుపరిచే జేసన్-ఎల్‌డీ 2014లో ప్రమాణమైంది.

పాత రాతలను ఇలా డేటాగా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరాలను, లంకెలను సులభంగానే గుర్తుపడుతుంది. చిక్కంతా అర్థం దగ్గరే. 05-06-2011 అంటే భారతీయులకు జూన్ 5, అమెరికన్లకు మే 6. ఒకే రచయిత పేరు రెండు విధాలుగా రాసి ఉంటే ఇద్దరు రచయితలుగా లెక్క తేలుతుంది. అందుకే తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో రాసే అంతర్జాతీయ పద్ధతినీ, ఒక రచయితకు ఒకే గుర్తింపునూ మొదటి నుంచీ పాటించిన సంకలనాలే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి చెక్కుచెదరకుండా మారగలుగుతాయి.