రంపె

మా బడి పిల్లలను తీసుకొని సిద్దిపేట నుంచి హైదరాబాదుకు, సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడానికి పోయినం. ఎనిమిదో తరగతి పిల్లలు. గంట కొట్టే గడియారం ముందట చాలాసేపు కదలలేదు. ఆ తర్వాత పచ్చరాతి వస్తువులుండే గదిలకు వచ్చినం. అక్కడ జహంగీర్ బాకు ఉంది. నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి ఉంది. రెండింటికీ రత్నాలు పొదిగి ఉన్నయి. మా వాడ పోరడు ఒకడు అద్దానికి ముక్కు ఆనించి చూసి, "సార్, దీనితోటి జామకాయ కోస్తే రాళ్లు ఊడిపోవా?" అని అడిగిండు.

"కొయ్యనీకె కాదురా, దాచిపెట్టుకోనీకె" అన్న.

"కొయ్యనప్పుడు కత్తెందుకు సార్?"

పిల్లలంతా నవ్విండ్రు. నేను కూడా నవ్వి ముందుకు నడిపించిన. సోషల్ చెప్పే పంతులును, జవాబు నాకు తెలవక కాదు. ఆ గదిల నోరు రాలేదు. ఇంటికొచ్చినంక బీరువాల ఉన్న మా బాపు రంపెను తీసి చాలాసేపు చూసుకుంట కూసున్న.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912 నుంచి 1914 దాకా నిజాం దగ్గర దివానుగ చేసిండు. ఆ కొలువు విడిచిపెట్టినంక 1949ల చచ్చిపోయేదాకా వస్తువులు కొనుడే ఆయన పని. ఆయన పోయినంక 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీల మ్యూజియం తెరిచిండ్రు, 1968ల మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలకు మార్చిండ్రు. అక్కడ ఆయుధాలకు వేరే గది ఉంది. ఖడ్గాలు, బాకులు, డాళ్లు వరుసగ పెట్టిండ్రు. ఆయన చేసింది తప్పని నేననను. కొనకపోతే అవి ఏ దేశం పోయేటివో. కాని ఒక మనిషి వంద కత్తులు కొని ఒక్కదాన్ని కూడా వాడకుండ బతకాలంటే, ఆయన వెనుక ఎన్ని ఊర్ల జాగీరు ఉండాలె? ఆ ఊర్లల్ల ఎంతమంది ఒకే ఒక్క కత్తితోటి బతకాలె? మ్యూజియంల అద్దం పక్కన అతికించిన చీటీ మీద ఈ లెక్క ఉండదు.

మా ఇంట్ల ఉన్నది ఒక్క కత్తి. దాన్నే రంపె అంటం. ఎరుగనోళ్ల కోసం చెప్తున్న: పిడి పొట్టిగ, ముందు భాగం వెడల్పుగ అర్ధచంద్రం లెక్క ఉంటది. తోలును కోసేది, చెక్కి పల్చన చేసేది అదే. కుట్టనీకె ఆరె, కొట్టనీకె గూటం. ఈ మూడుంటే మాదిగోని ఇల్లు. మా తాత కాలంల తంగేడు చెక్క, సున్నం వేసి లందల తోలు ఊని, రంపెతోటి కోసి మోట బొక్కెనలు కుట్టేటోడు. సిద్దిపేట చుట్టుపక్కల ఎవుసమంతా బావుల మీదనే. మా తాత కుట్టిన బొక్కెన నీళ్లు తెస్తేనే ఊరి వరి పండేది. ఊరి బావి మాత్రం మా తాతను ముట్టనియ్యలేదు. కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది, రబ్బరు చెప్పులు వచ్చి తోలు చెప్పు పోయింది. మా బాపు పాత చెప్పులకు అతుకులు వేసేటోడయ్యిండు.

ఇనుము సంగతి కూడా ఒకటి చెప్పాలె. ఒకప్పుడు నిజామాబాదు దిక్కు కోనసముద్రంల పోసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చి కొలిమిల కాడ కూసునేటోళ్లు. ఆ ఉక్కే పోయి డమాస్కస్ కత్తి అని లోకమంతా పేరు పొందింది. మా బాపు రంపె మాత్రం లారీ కమాన్‌పట్టీ ముక్క. మా ఊరి కమ్మరి కాలవెట్టి కొట్టిచ్చిండు. దానికి బదులు మా బాపు ఆయనకు జత చెప్పులు కుట్టిచ్చిండు. కోనసముద్రం కమ్మరి పేరు గాని, మా ఊరి కమ్మరి పేరు గాని ఏ పుస్తకంల లేదు. కత్తి పట్టుకున్న పాదుషా పేరు మాత్రం నేను ప్రతి ఏడు పిల్లలతోటి వల్లె వేయిస్త.

మా ఊరి గడీల గోడకు తల్వార్లుండేటివి. దసరా నాడు దించి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మొక్కి మళ్లీ గోడకెక్కిచ్చేటోళ్లు. ఆ తల్వారుకు తోలు ఒర కుట్టింది మా తాత. వెట్టి కింద కుట్టిండు, అంటే పైస లేదు. కుట్టినంక కత్తిని ఒరల పెట్టి సరిపోయిందా లేదా చూడాలె గద, అందుకు కూడా తాతను ముట్టనియ్యలేదు. ఒరను అరుగు మీద పెట్టి దూరం జరగమన్నరు. దొర కొడుకు వచ్చి పెట్టి చూసుకున్నడు. "నా కుట్టు నేను చూసుకోకపోతి" అని తాత ముసలితనంల గూడ అనేటోడట. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంల మన జనం పట్టుకున్నయేంది? వడిసెల, కారంపొడి, రోకలిబండ, గొడ్డలి. ఎల్లారినంక రోకలిబండ రోటి కాడికి, గొడ్డలి కట్టెల కాడికి పోయింది. వాటిని గోడకు తగిలిచ్చేంత తీరిక ఎవరికుంది?

వాడే కత్తికి ఇంకో గండం ఉంటది. మా బాపు సిద్దిపేటల చెట్టు కింద కూసొని చెప్పులు కుట్టేటోడు. గోనెసంచిల ఆరె, రంపె, మైనం, దారం. నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు ఒకనాడు రాత్రి బస్సు దిగి వస్తుంటే ఆపిండ్రు. నక్సలైట్ల కోసం తనిఖీలు చేసే రోజులవి. సంచిల రంపె దొరికింది. "ఎవన్ని నరకనీకె రా?" అని రాత్రంతా కూసోబెట్టిండ్రు. తెల్లారి సంచి ఇచ్చిండ్రు, రంపె ఇయ్యలేదు. బాపు ఇంటికొచ్చి ఎవ్వరితోటి మాట్లాడలేదు. వారం దినాలు పని లేదు. గడీల గోడ మీద మూరెడు మూరెడు తల్వార్లున్నయి, వాటికి కాయితమున్నదా అని అడిగినోడు లేడు.

బీఈడీ చదివే రోజులల్ల ఈ సంగతి మనసుల పెట్టుకొని చట్టం వెతికిన. 1959 ఆయుధాల చట్టం కింద 1962ల చేసిన నియమాలు దొరికినయి. 9 అంగుళాల కంటె పొడుగు గాని, 2 అంగుళాల కంటె వెడల్పు గాని ఉన్న కత్తులు ఆయుధాలల్లకు వస్తయని ఉంది. మా రంపె 2 అంగుళాలు దాటుతది. నా గుండె ఝల్లుమన్నది. ఆ వెనుకనే ఇంకో మాట ఉంది: ఇంటి పనికి, ఎవుసానికి, పరిశ్రమకు చేసినవి దీనిల లెక్కకు రావు. ఆ ఒక్క వాక్యం ఆ రాత్రి మా బాపుకు తెలిసుంటే? తెలిసినా చెప్పేటందుకు నోరుండాలె. ఆ నోరు కోసమే నన్ను బడికి తోలిండు కావచ్చు.

కత్తులు సంచిల పెట్టుకొని కాదు, చేతుల పట్టుకొని పట్టపగలు వచ్చినోళ్లను కూడా ఈ దేశం చూసింది. 1985 జూలై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను చంపిండ్రు. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మంది దళితులను నరికిండ్రు. చుండూరు కేసుల 2007ల ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కోర్టు కేసులల్ల పట్టుకున్న కత్తికి చీటీ కట్టి, నంబరు వేసి దాచిపెడతరు. వాడని కత్తులను దాచే జాగ మ్యూజియం, వాడిన కత్తులను దాచే జాగ ఇది. చెప్పులు కుట్టిన రంపెను మాత్రం రెండింటిల ఏదీ తీసుకోదు. అది సానరాయి మీద అరిగి అరిగి, ఆఖరికి వేలెడంత అయ్యి మాయమైతది.

అందుకే బాపు చేతకాక పని విడిచినంక, ఆఖరి రంపెను నేను తెచ్చుకున్న. క్వార్టర్ల షోకేసుల, నాకు వచ్చిన మెమెంటోల నడుమ పెట్టిన. ఇంటికొచ్చిన తోటి టీచర్లు "ఏంది సార్ ఇది?" అంటె గర్వంగ చెప్పేటోన్ని. కొందరు మెచ్చుకునేటోళ్లు, కొందరు అప్పటి నుంచి మా ఇంట్ల చాయ తాగుడు బంద్ వెట్టిండ్రు. కొన్నాళ్లకు ఎందుకో షోకేసుల నుంచి తీసి బీరువాల పెట్టిన. ఎందుకో అనుడు అబద్ధం. కొత్త హెడ్మాస్టరు భోజనానికి వస్తనన్నడు, అందుకు తీసిన.

మ్యూజియం పోయొచ్చిన మూడోనాడు బాపు ఊరి నుంచి వచ్చిండు. రంపెను ముందటేసిన. చూసి, బొటనవేలితోటి అంచు తడిమిండు.

"తుప్పు పట్టిచ్చినవు గదరా."

"దాచిపెట్టిన బాపు. మన గుర్తుకు."

"దాచిపెడితె తుప్పే పడతది. గుర్తు పడతదా?"

సానరాయి అడిగిండు. మా ఇంట్ల సానరాయి ఏడుంది! గడప రాయి మీద నీళ్లు చల్లి నూరుడు మొదలువెట్టిండు. చేతులు వణుకుతున్నయి, కాని రంపె రాయి మీద పడంగనే వణుకు ఆగింది. నా బిడ్డ ఇస్కూలు సంచి పట్టి తెగి నెల అయ్యింది, కొత్తది కొందామనుకుంటున్నం. బాపు నా పాత బెల్టు అడిగి తీసుకొని కోసిండు. ఆరె లేదు, దబ్బనంతోటి కుట్టిండు. బిడ్డ పక్కన కూసొని కండ్లు ఆర్పకుండ చూసింది.

"దీన్ని బడికి తీసుకపోయి పిల్లలకు చూపిస్త బాపు" అన్న.

"చూపియ్యి. చేతికి మాత్రం ఇయ్యకు" అన్నడు, రంపెను గుడ్డల చుట్టి నాకిస్త. "ఇప్పుడు తెగుతది."