ఇంటిలో లోకచరిత్ర బోధ: కథోలిక దృక్పథముపై ఒక పరిశీలన

ఇశ్రాయేలీయుల ఇంటిలో తండ్రి కుమారునికి చెప్పవలసిన మొదటి పాఠము చరిత్ర పాఠమే. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో కుమారుని ప్రశ్నకు తండ్రి ఇయ్యవలసిన జవాబు ఐగుప్తులోని దాస్యముతో మొదలవుతుంది. 78వ కీర్తన ఇంకా కఠినమైనది. రాబోవు తరమునకు దాచక చెప్పవలసిన సంగతులలో దేవుని ఆశ్చర్యకార్యములతోపాటు పితరుల తిరుగుబాటును కూడా ఆ కీర్తన చేర్చింది. ఆ కొలతను చేతబట్టుకొని ఈ వ్యాసములో ఒక విషయమును పరిశీలించగోరుతున్నాము. కథోలిక కుటుంబములు తమ పిల్లలకు లోకచరిత్రను తమ విశ్వాస దృక్పథముతో ఇంటివద్దనే నేర్పుకొనుట ఎలా మొదలైనది, అందులో ఏది నిలువదగినది, ఏది నిలువలేదు అన్నదే మా ప్రశ్న.

ఇది రోమా సంఘమునకు సంబంధించిన సంగతి, మనకెందుకు అని కొందరు సేవకులు అనుకోవచ్చును. కాని లోకచరిత్రను విశ్వాసముతో కలిపి చెప్పుటలో వారికి పదహారు వందల సంవత్సరముల అనుభవమున్నది. దానిని చూడకుండా మన ఆదివారపు బడి పాఠములను మనము సరిగా తూచుకొనలేము.

ఆ అనుభవమునకు మొదలు క్రీ.శ. 410. ఆ సంవత్సరము గోతులు రోమును దోచుకొన్నారు. పాత దేవతలను విడిచినందుననే ఈ కీడు వచ్చినదని అన్యులు నిందించారు. దానికి జవాబుగా అగస్టీను 413లో 'దేవుని పట్టణము' మొదలుపెట్టి 426 నాటికి ముగించాడు. ఆయన ప్రోత్సాహముతో ఒరోసియస్ అను యౌవన ప్రెస్బితెరు అన్యులకు విరోధముగా ఏడు పుస్తకముల లోకచరిత్రను వ్రాశాడు. మధ్యయుగములో ఐరోపా అంతటా విరివిగా చదువబడిన చరిత్ర పుస్తకములలో అదొకటి. అయితే గురుశిష్యుల మధ్య ఒక తేడా ఉన్నది. ప్రతి రాజు జయములోను, ప్రతి పట్టణము పతనములోను దేవుని చిత్తము ఇదియేనని వేలెత్తి చూపుటకు అగస్టీను జంకాడు. ఒరోసియస్ అంతగా జంకలేదు. తరువాత వచ్చిన పాఠ్యపుస్తకములలో ఎక్కువ భాగము శిష్యుని త్రోవనే పట్టినవి. చిన్నపిల్లలకు చెప్పుటకు అదే సుళువు గదా.

యువరాజు కోసము వ్రాసిన చరిత్ర

ఇంటిలో ఒకే పిల్లవానికి నేర్పుటకు వ్రాయబడిన కథోలిక లోకచరిత్రలలో మిక్కిలి పేరుపొందినది ఫ్రాన్సులో వెలువడింది. ఆ ఇల్లు రాజభవనము. 14వ లూయీ కుమారుడు 1661లో పుట్టాడు. 1670లో ఆ బాలునికి ఉపాధ్యాయుడుగా బిషప్పు బోస్యుయేను నియమించారు. పది సంవత్సరములు ఆయన ఆ పనిలోనే ఉన్నాడు. ఆ పాఠముల ఫలముగా 1681లో 'విశ్వచరిత్రపై ప్రసంగము' అచ్చయింది.

పుస్తకము మూడు భాగములు. మొదటిది సృష్టి మొదలు క్రీ.శ. 800లో షార్లమేన్ చక్రవర్తి కిరీటధారణ వరకు పన్నెండు ఘట్టములుగా కాలవరుసను ఇస్తుంది. రెండవది దేవుని ప్రజల చరిత్ర. మూడవది సామ్రాజ్యములు లేచుటకు, పడిపోవుటకు కారణములు. సృష్టిని ఆయన క్రీ.పూ. 4004లో పెట్టాడు. సృష్టి, జలప్రళయము, అబ్రాహాము, మోషే, ట్రాయ్ పతనము, సొలొమోను దేవాలయము, రోము పునాది ఇవన్నీ ఒకే దారములో గ్రుచ్చిన పూసలుగా కనబడతాయి. విడివిడిగా బట్టీపట్టే తేదీలకు ఒక అర్థము, ఒక గమ్యము దొరుకుతుంది. మూడవ భాగములో ఐగుప్తు, పారసీక, గ్రీసు, రోము దేశముల సేనలు, చట్టములు, అలవాట్లు పరిశీలించి, దైవసంకల్పము మనుష్యుల మధ్య సాధారణ కారణముల ద్వారానే పనిచేస్తుందని చూపించాడు. ఈ భాగమును నేటికిని మా విద్యార్థులు చదివితే మేలని మా అభిప్రాయము.

లోటు మరొకచోట ఉన్నది. పేరు విశ్వచరిత్ర, కాని అందులో చీనా లేదు. తెలియక విడిచిపెట్టాడని అనుటకు వీలులేదు. మత్తెయి రిచ్చి అను యేసు సభ గురువు 1601లోనే పెకింగు చేరాడు. అదే సభకు చెందిన మార్తీనో మార్తీని చీనా ప్రాచీన చరిత్రను 1658లో లాటిన్‌లో అచ్చువేశాడు. చీనా రాజుల లెక్కలు జలప్రళయమునకు వేసిన తేదీకి వెనుకకు పోతున్నాయని ఐరోపా పండితులు అప్పటికే వాదించుకొంటున్నారు. ఆ చిక్కును బాలుని ముందు పెట్టలేదు. భారతదేశమునకు చోటు లేదు. అరబ్బుల గురించి దాదాపు ఏమీ లేదు. షార్లమేన్ తరువాతి కథను రెండవ సంపుటములో చెప్పదలచినా అది వెలువడలేదు.

దాని ఫలితము అవిశ్వాసుల చేతికి ఆయుధమైనది. 1756లో వోల్తేర్ తన చరిత్ర గ్రంథమును బోస్యుయే ఆపిన చోటునుండి అందుకొనుచున్నానని చెప్పి, కావాలనే చీనాతో మొదలుపెట్టాడు. విశ్వాసి విడిచిన ఖాళీలో సంశయవాది కూర్చున్నాడు. పిల్లలకు చెప్పక దాచిన సంగతి తరువాత వారికి ఎవరి నోట వినబడుతుందో ఆలోచించవలసినది.

అదే యువరాజు కోసము మరొక పని కూడా జరిగింది. లాటిన్ గ్రంథకర్తల రచనలలో అసభ్యమని తోచిన భాగములను తొలగించి అరవైకి పైగా సంపుటములు సిద్ధము చేశారు. 'యువరాజు ఉపయోగార్థము' అని అర్థమిచ్చు 'ఆద్ ఊసుమ్ దెల్ఫీనీ' అను లాటిన్ మాట వాటిమీద ఉండేది. నేటికిని ఐరోపా భాషలలో కత్తిరించిన పుస్తకమునకు ఆ మాటే వాడతారు. ఇక ఆ యువరాజు? రాజు కాకుండానే 1711లో తండ్రికంటె ముందు చనిపోయాడు.

పుస్తకము వెలువడిన నాలుగేండ్లకు, 1685 అక్టోబరులో, 14వ లూయీ నాంట్ శాసనమును రద్దు చేశాడు. సంస్కరణ విశ్వాసులైన హ్యూగెనాట్ల ఆరాధన నిషిద్ధమైనది. సుమారు రెండు లక్షలమంది దేశము విడిచిపోయారు. 1686 జనవరిలో మంత్రి ల తెల్లియే సంస్మరణ ప్రసంగములో బోస్యుయే రాజును క్రొత్త కాన్‌స్టంటైన్ అని, క్రొత్త థియొడోసియస్ అని కొనియాడాడు. దానియేలు చూచిన సామ్రాజ్యములను దేవుడు కూలద్రోసెనని బాలునికి చెప్పిన గురువుకు, ఆ బాలుని తండ్రి సింహాసనముపైకి ఆ వచనములను తిప్పుటకు నోరు రాలేదు. మేము ఎత్తిచూపుచున్న లోపము ఇదే. విశ్వాస దృక్పథముండుట తప్పు కాదు. ఆ దృక్పథము తనవారి ముఖము మీదికి వచ్చేసరికి దీపము ఆర్పివేయుట తప్పు.

ఇంటిబడి అవసరమైన కాలము

అయితే కథోలికులు ఇంటివద్ద నేర్పుకొనుట కేవలము ఇష్టముచేత వచ్చిన అలవాటు కాదు. మనవారే వారిని ఆ స్థితికి నెట్టిన కాలములు ఉన్నవి. ఐర్లండులో 1695లో ప్రొటెస్టంటు పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము కథోలికుడు బడి నడుపరాదు, ఇతరుల ఇండ్లకు వెళ్ళి పిల్లలకు చదువు చెప్పరాదు, పిల్లలను పరదేశమునకు చదువుకు పంపరాదు. సొంత ఇంటి పిల్లలకు ఆ ఇంటిలో చెప్పుకొనుట మాత్రము మినహాయింపు. మిగిలినవారు చాటుమాటుగా, కంచెల ప్రక్కన సయితము కూర్చుండి చదువుకొన్నారు. వారికి ఇంటి చరిత్ర అనగా ఓడిపోయినవారి చరిత్ర. అది బోస్యుయే చెప్పిన చరిత్రకు పూర్తిగా వేరు.

అమెరికాలో 1922లో ఓరెగాన్ రాష్ట్రము పిల్లలందరు ప్రభుత్వ బడికే పోవలెనని చట్టము చేసింది. కథోలిక బడులను మూయించవలెనని కూ క్లక్స్ క్లాన్ దాని వెనుక నిలిచింది. యేసు మరియల పరిశుద్ధ నామముల కన్యస్త్రీలు వ్యాజ్యము వేశారు. 1925 జూన్ 1న సుప్రీముకోర్టు ఆ చట్టమును కొట్టివేసి, బిడ్డ రాజ్యము సొత్తు కాదని, పెంపకపు హక్కు తలిదండ్రులదని తీర్పిచ్చింది. నేడు ఇంటిబడి నడుపు ప్రొటెస్టంటు కుటుంబములు కూడా ఈ తీర్పునే ఆశ్రయిస్తున్నవి. 1960ల తరువాత కన్యస్త్రీల సంఖ్య తగ్గి అనేక విచారణ బడులు మూతబడ్డాయి. మిగిలినవాటిలో బోధ పలుచనైనదని కొందరు తలిదండ్రులు తలచారు. 1993 నాటికి అన్ని రాష్ట్రములలో ఇంటిబడి చట్టబద్ధమైనది. వర్జీనియాలోని ఫ్రంట్ రాయల్ అను చిన్న ఊరు ఈ ఉద్యమమునకు ఒక కేంద్రము. అక్కడ సీటన్ ఇంటిచదువు పాఠశాల ఉన్నది. 1977లో క్రిస్టెండమ్ కళాశాలను స్థాపించిన వారెన్ కారోల్, క్రీస్తు నరావతారమే మానవచరిత్రకు నడిమి ఘట్టమని తీసుకొని, క్రైస్తవ లోకచరిత్రను అనేక సంపుటములలో వ్రాశాడు.

ఈ కుటుంబములలో కొందరు పాత పాఠ్యపుస్తకములనే కోరుకొంటారు. ఫర్లాంగ్ బిషప్పు 1937లో వ్రాసిన 'పాతలోకము, అమెరికా' పునర్ముద్రణ పొంది ఇంటిబడులలో వాడుకలోనికి వచ్చింది. పాతదైనందున భక్తి గట్టిదని వారి నమ్మకము. కావచ్చును. కాని 1937 నాటి పుస్తకమునకు ఆష్విట్జ్ తెలియదు. 1965 అక్టోబరు 28వ తేదీ కూడా తెలియదు.

ఒకే రోజున రెండు పత్రములు

ఆ తేదీని మా పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆ రోజున రెండవ వాటికన్ మహాసభ క్రైస్తవ విద్యను గురించిన పత్రమును ప్రకటించింది. తలిదండ్రులే పిల్లలకు మొదటి ఉపాధ్యాయులని అందులో ఉన్నది. కథోలిక ఇంటిబడివారు తరచు చూపించునది దానినే. అదే రోజున, అదే సభలో, ఇతర మతములను గురించిన 'నోస్త్రా ఎతాతే' కూడా వెలువడింది. క్రీస్తు మరణదోషమును ఆనాటి యూదులందరిమీద గాని, నేటి యూదులమీద గాని మోపరాదని అది చెప్పింది. మొదటి పత్రమును చేతబట్టి రెండవదానిని అల్మారాలో పెట్టుట సాధ్యము కాదు. నేర్పు హక్కు, నేర్పవలసిన సత్యము ఒకే దినమున అందినవి.

ఈ రెండవ పత్రము వెనుక ఒక చరిత్ర ఉపాధ్యాయుడున్నాడు. జూల్ ఇసాక్ 1877లో ఫ్రాన్సులో యూదా కుటుంబములో పుట్టాడు. ఆల్బెర్ మాలేతో జోడించిన ఆయన పేరుమీద వెలువడిన చరిత్ర వాచకములు ఫ్రెంచి పిల్లల తరములు చదివినవి. 1940లో యూదులకు విరోధమైన చట్టముచేత విద్యాశాఖలోని ఉద్యోగము పోయింది. 1943లో భార్యను, కుమార్తెను పట్టుకొనిపోయారు. వారు ఆష్విట్జ్‌లో చంపబడ్డారు. ఆయన దాగుకొని తిరుగుచునే సువార్తలను గ్రీకులో చదివి, యేసును గురించి సువార్తలు చెప్పినదానికి, యూదులను గురించి క్రైస్తవులు పిల్లలకు నేర్పినదానికి ఎంత దూరమున్నదో వరుసగా వ్రాశాడు. 'యేసు, ఇశ్రాయేలు' 1948లో అచ్చయింది. హత్యలు చేసినవారు క్రైస్తవ బోధకులని ఆయన అనలేదు. తిరస్కారము నేర్పిన పాఠములు నేలను దున్ని ఉంచినవని అన్నాడు. 1960 జూన్ 13న, 82 ఏండ్ల వయస్సులో, 23వ యోహాను పోపుగారిని కలిసి బోధను సరిచేయుమని కోరాడు. పోపుగారు ఆ సంగతిని మహాసభ సిద్ధపాటులోనికి తెచ్చారు. 1963లో ఇసాక్ చనిపోయాడు. ఆ పత్రమును ఆయన చూడలేదు.

పాఠ్యపుస్తకములు వ్రాసిన వానికే పిల్లల పాఠములలోని ఒక్క వాక్యము ఎంత దూరము పోగలదో తెలిసింది. 2000 మార్చి 12న 2వ యోహాను పౌలు పోపుగారు సంఘ బిడ్డల పాపములకు బహిరంగముగా దేవుని క్షమాపణ వేడుకొన్నారు. 78వ కీర్తన వరుస అదే.

మన దేశములో ఈ కొలతకు ఉదయంపేరూరు సరియైన పరీక్ష. 1599లో గోవా ఆర్చిబిషప్పు మెనెజెస్ కొచ్చి దగ్గర అక్కడ సభ కూర్చి, తోమా క్రైస్తవుల సిరియా గ్రంథములను అప్పగింపజేశాడు. అనేకము కాల్చబడినవి. 1653లో మట్టాంచేరిలో వారు సిలువకు త్రాళ్ళు కట్టి పట్టుకొని ప్రమాణము చేసి తిరుగబడ్డారు. తరువాత వారిలో పలువురు రోముతోనే కలిసిపోయారు. నేడు సిరోమలబారు సంఘపు తల్లి తన బిడ్డకు ఈ కథ చెప్పవలసివస్తే, కాల్చినవాడును తనవాడే, గ్రంథములు పోగొట్టుకొన్నవారును తనవారే. కథోలిక దృక్పథము ఒక్కటేనని అనుకొనువారు ఆమె ప్రక్కన కూర్చుండి వినవలెను.

వారిలో మనకు లేని మంచి ఒకటున్నది. మన పిల్లలకు చెప్పు సంఘచరిత్ర అపొస్తలులనుండి కాన్‌స్టంటైన్ వరకు వచ్చి, అక్కడనుండి 1517లో విట్టెన్‌బర్గుకు దూకుతుంది. మధ్యలో వెయ్యికి పైగా సంవత్సరములు చీకటి అన్న ఒక్క మాటతో సరి. కథోలిక ఇంటిబడి పిల్లవానికి బెనెడిక్టు మఠము, బీడ్, జర్మనీకి సువార్త తీసికొనిపోయిన బోనిఫేస్ తెలుసును. స్పెయిను దొరల క్రూరత్వమును ఎదిరించి వ్రాసిన లాస్ కాసాస్ తెలుసును. ఆ వెయ్యేండ్లు మన పితరులవి కూడా గదా.

చెప్పని సంగతులు మనకూ ఉన్నవి. 1572లో పారిసులో జరిగిన హ్యూగెనాట్ల వధను మనము చెప్తాము. 1553లో జెనీవాలో సెర్వేటస్‌ను కాల్చిన సంగతి, పైన చెప్పిన 1695 నాటి ఐర్లండు చట్టము మన పాఠములలో ఎంతమంది విన్నారు? గుంటూరుకు 1842లో హైయర్ దొరగారిని పంపినవారు అమెరికా లూథరన్లు. ఆ లూథరన్ల వారసులైన సంఘము, 1543లో లూథరు యూదులకు విరోధముగా వ్రాసిన వ్రాతలను 1994లో బహిరంగముగా తిరస్కరించింది. ఆ ప్రకటనను తెలుగులో మన గురువిద్యార్థుల చేతికి ఇచ్చి, సంస్కరణ దినపు పాఠముతో కలిపి చదివించవలెనని మా మనవి.