పనస: ఆకు నుండి వీణ దాకా - వినియోగ చరిత్ర పరిశీలన

ఉపోద్ఘాతం

ఆకు, లేతకాయ, పండు, పిక్క, చేవ - ప్రతి భాగమూ మనిషి అవసరాలకు ఉపకరించిన చెట్టు పనస. దీని జన్మస్థానం పడమటి కనుమల ప్రాంతమని వృక్షశాస్త్రవేత్తల భావన. ఈ ఉపయోగాలలో ఒక్కొక్కదానికి చెట్టు వెచ్చించే కాలాన్ని గమనిస్తే పనస వినియోగ చరిత్రలోని ప్రధాన సమస్య తెలుస్తుంది.

చారిత్రక ఆధారాలు

7వ శతాబ్దంలో భారతదేశాన్ని సందర్శించిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ పుండ్రవర్ధన, కామరూప ప్రాంతాల వర్ణనలో పనసను పేర్కొన్నాడు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా గ్రంథంలోనూ దీని ప్రస్తావన ఉంది. మలయాళ ‘చక్క’ పోర్చుగీసులో ‘జాక’ అయి, ఆ దారిలోనే ఇంగ్లీషుకు చేరింది. తెలుగులో మాత్రం సంస్కృతంలోనూ కనిపించే ‘పనస’ రూపమే స్థిరపడింది.

ఆహార వినియోగం

కోనసీమలో పనసాకులను ఈనెపుల్లలతో బుట్టగా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరిపై ఉడికిస్తారు. ఇవే పొట్టిక్కలు. జిగురు అంటకుండా చేతికీ కత్తికీ నూనె రాసుకొని, లేతకాయను సన్నగా కొట్టి, ఆవ పెట్టి వండే పనసపొట్టు కూర గోదావరి జిల్లాల విందుభోజనాలలో ప్రసిద్ధం. వేసవిలో తొనలు పండుగా, పిక్కలు కూరగా, తొక్క పశువుల మేతగా ఉపయోగపడతాయి. ఇవన్నీ చెట్టు నిలిచి ఉండగానే మళ్లీ మళ్లీ లభించేవి.

కలప వినియోగం

చేవ విషయం ఇందుకు భిన్నం. పసుపువన్నె చేవను మరిగించి తీసిన రంగును ఆగ్నేయాసియాలోనూ శ్రీలంకలోనూ బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు వాడారు. తేలికగా ఉండి నాదాన్ని చక్కగా పలికించే గుణం, చెదలను తట్టుకొనే శక్తి వల్ల వీణకూ మృదంగానికీ పనసకర్రే శ్రేష్ఠమైంది. విజయనగరం ప్రాంతపు బొబ్బిలి వీణలో కుండ, దండి ఒకే మొద్దు నుండి రూపొందుతాయి. అందుకే దానిని ఏకాండి వీణ అంటారు. అంతటి మొద్దుకు ఏళ్ల తరబడి పెరిగిన చెట్టు కావాలి. దానిని నరికితే ఆకు, కాయ రెండూ ఆగిపోతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడితోపాటు పనస చెట్లూ నేలకూలాయి. కొత్తగా నాటిన మొక్క కొన్నేళ్లకు కాపునిస్తుంది. వీణకు తగిన మొద్దుగా ఎదగాలంటే మాత్రం మరొక తరం రావాలి.

ముగింపు

బొబ్బిలి వీణకు లభించిన భౌగోళిక గుర్తింపు దాని పేరుకు రక్షణ కల్పిస్తుంది గానీ కర్రను సమకూర్చదు. కాబట్టి శిల్పుల నైపుణ్యంతోపాటు పనస తోటల పునరుద్ధరణనూ వీణా సంప్రదాయ పరిరక్షణలో భాగంగా పరిగణించడం అవసరం.