ఎర్ర బండి ఎవరింటికి ముందు?

పోయిన వేసవిలో మా కొండాపూర్ అపార్టుమెంటులో నాలుగో అంతస్తు వంటింట్లోంచి పొగ లేచింది. కింది వాటా పిన్నిగారు కంగారుగా 101కి ఫోన్ చేసి, "బాబూ, మంటలు! వెంటనే రండి!" అని టక్కున పెట్టేశారు. ఎక్కడికి రావాలో చెబితే కదా! వాళ్లే తిరిగి చేసి అడ్రసు కనుక్కున్నారు. తీరా చూస్తే మాడింది కుక్కర్లో పప్పు.

అందరం నవ్వుకున్నాం గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి మాదాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఉద్యోగం చేస్తోంది. అక్కడ నిప్పంటుకుంటే ఎవరొస్తారు? ఎన్ని బండ్లొస్తాయి? అది నిర్ణయించేదెవరు? నాలుగు పుస్తకాలు తిరగేశాను.

దీని వెనక పెద్ద చరిత్రే ఉందండీ. 1852లో అమెరికాలోని బోస్టన్ నగరంలో వీధుల్లో టెలిగ్రాఫ్ పెట్టెలు అమర్చారు. మీట తిప్పితే ఆ పెట్టె నంబరు కేంద్రానికి చేరేది. ఏ నంబరుకి ఏ దళాలు పరుగెత్తాలో ముందే కార్డుల మీద రాసిపెట్టుకునే పద్ధతి అలా స్థిరపడింది. అయితే పెట్టెకి చోటు తెలుస్తుంది గానీ, తగలబడేది చెత్తకుప్పో, పిల్లలున్న బడో తెలియదు కదా!

న్యూయార్క్‌లో ఆకతాయి పిలుపులు మితిమీరాక, 1968లో రాండ్ సంస్థ పరిశోధకులు లెక్కలు కట్టడానికి కూర్చున్నారు. వాళ్లు తేల్చింది మనకు పెళ్లి వడ్డనలో తెలిసిన సంగతే. మొదటి పంక్తికే గుండిగ ఖాళీ చేస్తే రెండో పంక్తి గతేమిటి? అందుకే పిలుపును బట్టి బండ్లు పంపాలన్నారు. పెద్ద మంటకి దళాలన్నీ వెళ్లిపోతే, ఖాళీ అయిన స్టేషన్లకి దూరపు దళాల్ని తాత్కాలికంగా తెచ్చి కూర్చోబెట్టే పద్ధతిని కోలెసార్, వాకర్ అనేవాళ్లు 1974లో ప్రకటించారు. లెక్కలకీ చెడ్డపేరు రాకపోలేదు. 1972లో అక్కడ కొన్ని దళాలను మూసేస్తే, దెబ్బ తగిలింది పేదల పేటలకేనని తరవాత విమర్శలొచ్చాయి.

ఇక మన సంగతి. 1998 నవంబరు 22న వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఆ చుట్టుపక్కల బండరాళ్లే ఎక్కువ. ఇప్పుడు తలెత్తి చూస్తే మెడ నొప్పి! మేడ పెరిగితే మామూలు బండి చాలదు. పొడుగు నిచ్చెన బండి కావాలి, అది నిలబడే జాగా కావాలి. పట్టణాల్లో అయిదు నుంచి ఏడు నిమిషాల్లో చేరాలని కేంద్ర అగ్నిమాపక సలహా మండలి ప్రమాణం. సాయంత్రం ఆరింటికి మైండ్‌స్పేస్ కూడలి చూసినవాళ్లకి వేరే చెప్పాలా? అక్కడ దగ్గరి స్టేషనంటే మైళ్ల లెక్కలో కాదు, గడియారం లెక్కలో దగ్గరిది.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పడుచు వయసు ఆడా మగా పొగకి ఊపిరాడక పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్‌లో, ఇరుకు దారి ఉన్న ఇంట్లో, పసిపిల్లలతో సహా పదిహేడుమంది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్టవుతుంది. బండి బయల్దేరడం ఒక ఎత్తు, లోపలికి దారి దొరకడం మరో ఎత్తు.

ఇంత చదివాక నాకు అర్థమైందొక్కటే. ఏ దళాన్ని పంపాలో నిర్ణయించేది కేంద్రంలో కూర్చున్నాయనే అయినా, ఆయన కళ్లు మాత్రం ఫోన్ చేసిన మనమే. బొటానికల్ గార్డెన్‌కి ఏ వైపు, ఎన్నో అంతస్తు, ఏది కాలుతోంది, లోపల ఎవరున్నారు, గేటు ఎంత వెడల్పు? ఈ అయిదు ముక్కలూ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అమ్మాయికీ పంపి, ఆఫీసులో మెట్లదారి ఎక్కడుందో కనుక్కోమన్నాను. "లిఫ్టు పక్క తలుపేనమ్మా, రెండేళ్లుగా ఈవాళే తీసి చూశా" అంది.

పిన్నిగారు అయిదు ముక్కలూ అప్పజెబుతున్నారు. ఇక మిగిలింది గేటుకి అడ్డంగా నిలబెట్టే కారు. అది ఎవరిదంటారా? మా ఆయనదే!