అడుగు నీరు పైకి వచ్చే కాలం

కడప జిల్లా తుమ్మలపల్లెలో కూర్చొని సముద్రాన్ని గురించి వ్రాయడం చదువరులకు వింతగా తోచవచ్చు. కానీ ఈ ఊరి పేరు దేశానికి తెలిసింది యురేనియం వల్ల. ఆ యురేనియం ఉన్నది వేంపల్లె సున్నపురాళ్ళలో. ఆ రాళ్ళు రెండు వందల కోట్ల ఏళ్ళకు దగ్గరగా, లోతులేని ఒక సముద్రపు అడుగున పేరుకొన్నవి. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలపై వెలువరించిన గ్రంథం వీటి అధ్యయనానికి పునాది వేసింది. వీటిలో సూక్ష్మజీవులు పొరలుగా కట్టిన స్ట్రొమటోలైట్ల గుర్తులున్నాయి, భాస్వరమూ ఉంది. జీవం ఉన్నచోటల్లా భాస్వరం కావాలి. మరి సముద్రంలో అది ఎక్కడ దాగుతుంది, ఎప్పుడు పైకి వస్తుంది? ఈ ప్రశ్నే నన్ను విశాఖ తీరపు చరిత్ర దగ్గరకు తీసుకువెళ్ళింది.

సముద్రంలో చచ్చినదంతా క్రిందికి దిగుతుంది. ఎరువు అడుగున, ఎండ పైన. రెండూ కలిస్తేనే పైరు. ఈ కలయికకు గాలి తోడ్పడుతుంది. నాన్సెన్ 1893-96 మధ్య ఫ్రామ్ నౌకలో ఉత్తర ధ్రువ సముద్రాన తిరుగుతూ, మంచుగడ్డలు గాలి వెంట కాక దానికి కుడివైపుకు కొట్టుకుపోవడం గమనించాడు. భూభ్రమణమే దీనికి కారణమని ఎక్‌మన్ 1905లో గణితంతో చూపాడు. మన కోస్తా నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు కుడికి, అంటే తీరానికి దూరంగా, జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు ఎగదన్నుకొని వస్తుంది.

మన తీరంలో దీనిని కొలిచినవారిలో ముఖ్యుడు లాఫాండ్. శాన్ డియాగోలోని అమెరికా నౌకాదళ ప్రయోగశాల శాస్త్రజ్ఞుడాయన. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. భారత నౌకాదళపు రోహిల్‌ఖండ్ నౌక మీద ఆయనా, వాల్తేరు విద్యార్థులూ నీటి ఉష్ణోగ్రతనూ లవణీయతనూ లోతులవారీగా కొలిచారు. వసంతంలో నీరు పైకి లేవడమూ, ఈశాన్య గాలుల కాలంలో తిరిగి దిగడమూ 1954లో విశ్వవిద్యాలయ ప్రచురణలో అచ్చయ్యాయి. జంతుశాస్త్ర శాఖలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు విశాఖ తీరపు నీటిలో ప్లవకాలను లెక్కించారు. కంటికి కనిపించని ఆ పైరే చేపకు మేత. లాఫాండ్ తరువాత కడలి అడుగు లోయలకు ఆంధ్ర పేరూ, భూగర్భశాఖను నిలిపిన మహదేవన్ పేరూ పెట్టాడు.

అయితే బంగాళాఖాతానికి ఒక అడ్డంకి ఉంది. వానాకాలంలో గంగ, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు తేలికగా పైన పరచుకొని మూతలా నిలుస్తుంది. అడుగు నీరు దానిని చీల్చుకొని రావడం కష్టం. కాబట్టి వరదలకు ముందరి నెలలే మన తీరానికి విలువైనవి. తూర్పుతీరంలో మరపడవల వేటను ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు ఆపుతున్నది చేపల సంతానోత్పత్తి కోసం. ఆ గడువు ఈ కాలాన్నే తాకుతుంది.

ఇందులో మెట్టరైతుకేమి పని? పెరూ తీరంలో 1970లో కోటి ఇరవై లక్షల టన్నులకు పైగా దొరికిన ఆంకోవీ చేప, 1973లో ఇరవై లక్షల టన్నులైనా దొరకలేదు. మితిమీరిన వేటకు 1972 నాటి ఎల్ నినో తోడయింది. పైకి వచ్చే నీటిలో సారం తగ్గింది. అదే 1972లో మన ఋతుపవనాలూ విఫలమయ్యాయి. చేపపిండి కరువై సోయా ధర ఎగసింది. 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులను కొంతకాలం ఆపింది. ఎల్ నినో వచ్చిన ప్రతి ఏడూ కరవు కాదు. 1997లో మన దేశపు వాన మామూలుగానే ఉంది. అయినా ఆ దూరపు సముద్రం వేడెక్కిందంటే విత్తనం చేత పట్టుకొన్నవాడు మేఘం వైపు మరొకసారి చూడక తప్పదు.

ఎండిన పాపాఘ్ని ఇసుకలో చెలమ తీస్తే కాసేపటికి నీరు ఊరుతుంది. పైన ఏమీ లేనట్టు కనిపించినా క్రింద ఉన్నదని మా పెద్దలకు తెలుసు. వాల్తేరులో ఆ విద్యార్థులు త్రాళ్ళు దించి కొలిచినదీ అటువంటి ఊటనే.