అనా ఇవనోవిచ్: నీళ్లులేని ఈతకొలనులో ఎదిగిన టెన్నిస్ తార

సెర్బియా దేశపు టెన్నిస్ క్రీడాకారిణి అనా ఇవనోవిచ్ 1987 నవంబరు 6వ తేదీన బెల్‌గ్రేడ్ నగరంలో జన్మించింది. తల్లి డ్రాగానా న్యాయవాది. తండ్రి మిరోస్లావ్ వ్యాపారరంగంలో ఉండేవారు. మిలోష్ అనే తమ్ముడు ఉన్నాడు. ఇరవయ్యేళ్లు నిండిన మరుసటి వేసవిలోనే, అంటే 2008 జూన్‌లో, ఆమె ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి మహిళల టెన్నిస్‌లో ప్రపంచ ప్రథమ స్థానాన్ని అధిరోహించింది.

ఆమె పుట్టిననాటికి ఆ దేశం పేరు యుగోస్లావియా. 1991 నుంచి అది ముక్కలు కావడం మొదలైంది. మిగిలిన భాగం 2003లో సెర్బియా-మాంటెనెగ్రోగా పేరు మార్చుకుంది. 2006 జూన్‌లో మాంటెనెగ్రో కూడా విడిపోవడంతో సెర్బియా ఒక్కటే మిగిలింది. ఇంటి గడప కదలలేదు గాని, దాని పైనున్న జెండా మాత్రం మారుతూ వచ్చింది. టెన్నిస్ రికార్డులలో ఆమె పేరు ప్రక్కన ఒకచోట సెర్బియా-మాంటెనెగ్రో అనీ, మరొకచోట సెర్బియా అనీ కనిపించడానికి కారణమిదే.

అనాకు ఆటపై మోజు కలిగించినది మోనికా సెలెస్. నొవీసాద్ పట్టణంలో పుట్టిన సెలెస్ 1990 నుంచి 1992 వరకు వరుసగా మూడుసార్లు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, ఆ ప్రాంతపు పిల్లలందరికీ ఆరాధ్యురాలైంది. ఆమె ఆటను టీవీలో చూసిన చిన్నారి అనా, ఒక టెన్నిస్ శిక్షణ కేంద్రం ప్రకటనలో వచ్చిన ఫోన్ నంబరును కంఠస్థం చేసి, అక్కడికి ఫోన్ చేయమని తల్లిదండ్రులను వేధించిందట. ఐదవ పుట్టినరోజుకు రాకెట్ చేతికి వచ్చింది.

అయితే కాలం అనుకూలమైనది కాదు. 1992 మేలో ఐక్యరాజ్యసమితి విధించిన ఆంక్షలతో ఆ దేశపు ఆర్థికవ్యవస్థ కుప్పకూలింది. మరుసటి సంవత్సరానికి ద్రవ్యోల్బణం ఏ స్థాయికి చేరిందంటే, జీతం చేతికందిన గంటల్లోనే సరుకులు కొనుక్కోకపోతే ఆ నోట్లకు విలువ ఉండేది కాదు. అటువంటి రోజులలో ఒక కుటుంబం కూతురి రాకెట్‌కూ, బంతులకూ, శిక్షకునికీ డబ్బు కేటాయించడం సామాన్యమైన నిర్ణయం కాదు.

శీతకాలంలో బెల్‌గ్రేడ్‌లో మంచు కురుస్తుంది. ఆరుబయట ఆడటం కుదరదు. పైకప్పుగల కోర్టులు కొద్ది. అందుచేత నగరంలోని ఒక క్రీడా కేంద్రంలో వాడుకలో లేని ఒలింపిక్ పరిమాణపు ఈతకొలనును ఖాళీ చేసి, అడుగున తివాచీ పరచి, గీతలు గీసి, నెట్ కట్టి టెన్నిస్ కోర్టుగా మార్చారు. అనాతోపాటు, తరువాతి కాలంలో తానూ ప్రపంచ నంబర్ వన్ అయిన యెలెనా యాంకోవిచ్ కూడా అక్కడ సాధన చేసినదే. ఆ కోర్టులో ఒక చిక్కు ఉండేది. టెన్నిస్‌లో బంతిని మూల నుంచి మూలకు ఏటవాలుగా కొడితే, అది నేలను తాకి కోర్టు వెలుపలికి దూసుకుపోతుంది. ఎదుటివారు ప్రక్కకు పరుగెత్తి దానిని అందుకోవాలి. కొలనులో ప్రక్కగీతలకు అతి చేరువగా గోడలుండటంతో ఆ పరుగుకు చోటు లేదు. కనుక పిల్లలు గీత వెంబడి సూటిగానే కొట్టుకోవలసి వచ్చేది. అనా ఆటకు ప్రధానాయుధమైన ఫోర్‌హ్యాండ్ దెబ్బను ఆ కొలనే నేర్పిందనడం అతిశయోక్తి కావచ్చు. కాని ప్రత్యర్థిని ఊరించక, సందు చిక్కగానే సూటిగా కొట్టి ముగించే ఆమె ధోరణి చూస్తే ఆ గోడలు గుర్తుకు రాకమానవు.

1999 మార్చి 24న నాటో విమానాలు బాంబులు కురిపించడం ఆరంభించాయి. 78 రోజులపాటు ఆ దాడులు సాగాయి. అనాకు అప్పుడు పదకొండేళ్లు. దాడులు అధికంగా రాత్రివేళ జరిగేవి గనుక ఆమె సాధన ఉదయం వేళకు మారింది. ఏడాది ముందు పుట్టిన మరో బాలుడి కథ కాదు గాని, అదే ఏడాది మేలో, అదే నగరంలో పుట్టిన నొవాక్ జొకోవిచ్ బాల్యమూ ఆ సైరన్ల నడుమనే గడిచింది. వీరిద్దరూ పసితనం నుంచి ఎరిగినవారే.

ప్రతిభ ఉన్నా, విదేశాలలో పోటీలకు వెళ్లాలంటే ధనం కావాలి. ఆ దశలో స్విట్జర్లాండ్‌కు చెందిన వ్యాపారవేత్త డాన్ హోల్జ్‌మాన్ ఆమెకు అండగా నిలిచారు. ఆయన చూస్తుండగా ఆడిన తొలి మ్యాచ్‌లో అనా ఓడిపోయింది. ఇక తనను ఎవరూ ఆదుకోరని తలచి గంటల తరబడి ఏడ్చిందట. ఆయన మాత్రం మాట తప్పలేదు. పెట్టుబడిగా ఇచ్చిన సొమ్మును ఆమె దరిమిలా తన ఆర్జన నుంచి తీర్చివేసింది. ఆమె శిక్షణకు బాసెల్ నగరం కేంద్రమైంది.

2003లో వృత్తి క్రీడాకారిణిగా మారిన అనా, 2004లో వింబుల్డన్ బాలికల విభాగంలో రన్నరప్‌గా నిలిచింది. అదే ఏడాది జూరిచ్‌లో వీనస్ విలియమ్స్‌తో తలపడి రెండు సెట్లనూ టైబ్రేకర్ వరకు లాగి ఓడింది. ఓటమి అయినా ప్రపంచం ఆమె పేరు విన్నది ఆనాడే. 2005 జనవరిలో కాన్‌బెర్రాలో, అర్హత పోటీల నుంచి వచ్చి తొలి టైటిల్ గెలుచుకుంది. ఆ వేసవిలో ఫ్రెంచ్ ఓపెన్‌లో ఫ్రాన్స్ దేశపు అభిమాన తార అమేలీ మొరెస్మోను ఆమె సొంత గడ్డపైనే ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. 2006 ఆగస్టులో మాంట్రియల్ ఫైనల్‌లో మార్టినా హింగిస్‌పై 6-2, 6-3తో నెగ్గింది.

2007 ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌లో మరియా షరపోవాను 6-2, 6-1తో చిత్తుచేసిన అనా, ఫైనల్‌లో జస్టిన్ హెనిన్ ముందు నిలువలేకపోయింది. తొలి గేమ్‌లో హెనిన్ సర్వ్‌ను ఛేదించి కూడా ఒత్తిడికి లోనై, 1-6, 2-6తో ఓడింది. 2008 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌లోనూ షరపోవా చేతిలో పరాజయమే. ఆ పోటీలోనే పురుషుల టైటిల్ జొకోవిచ్‌కు దక్కింది.

2008 జూన్‌లో పారిస్‌లో పరిస్థితి మారింది. సెమీస్‌లో ఎదురైనది స్వదేశీయురాలు యాంకోవిచ్. మూడు సెట్ల పోరాటంలో అనా 6-4, 3-6, 6-4తో గెలిచింది. ఆ విజయంతోనే ప్రథమ ర్యాంకు ఖాయమైంది. జూన్ 7న ఫైనల్‌లో రష్యాకు చెందిన దినారా సఫీనాను 6-4, 6-3తో ఓడించింది. అంతకు మూడు వారాల ముందే ఆటకు వీడ్కోలు చెప్పిన హెనిన్ స్వయంగా ఆమెకు కప్పు అందజేసింది.

ప్రథమ స్థానంలో ఆమె మొత్తం 12 వారాలు ఉంది. బొటనవ్రేలి గాయంతో వెళ్లిన 2008 అమెరికన్ ఓపెన్‌లో, 188వ ర్యాంకులో ఉన్న ఫ్రెంచ్ క్రీడాకారిణి జూలీ క్వాన్ చేతిలో రెండవ రౌండులోనే ఓడిపోయింది. అటుపిమ్మట సర్వ్ చేసేందుకు బంతిని పైకి ఎగురవేయడంలోనే తడబాటు మొదలై, 2010లో ర్యాంకు 50కి దిగువకు జారింది. మళ్లీ నిలదొక్కుకొని 2014లో తొలి ఐదుగురిలో చేరింది. ఆ ఏడాది చివర ఇండియన్ ఏసెస్ జట్టులో హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జాతో కలిసి ఆడింది కూడా. మరొక గ్రాండ్ స్లామ్ ఫైనల్ మాత్రం ఆమెకు దక్కలేదు. 15 సింగిల్స్ టైటిళ్లతో, 29 ఏళ్ల వయసులో, 2016 డిసెంబరులో రిటైరైంది.