ఇనుపగుండు, అద్దం, చట్టం: పిన్‌బాల్ సమావేశంలో కనిపించే చరిత్ర

పురావస్తుశాలలో మనల్ని మొదట పలకరించేది 'ముట్టుకోరాదు' అన్న పలక. షికాగో పరిసరాల్లో 1985లో మొదలైన పిన్‌బాల్ ఎక్స్‌పోలో ఆ మాటకు చోటు తక్కువ. అక్కడ వస్తువును చూడటమంటే దాని పక్కల మీద రెండు చేతులూ వేసి, మీట లాగి, గుండును వదలటమే. హాల్లోకి అడుగుపెడితే ముందు చెవులకు పని. పాత యంత్రాల్లో నిజమైన గంటలు మోగుతాయి, తీగచుట్టలు టకటకమంటాయి, కొత్తవాటిలో స్పీకర్లు అరుస్తాయి. ఒక మూల బల్ల పైపలకను ఎత్తి నిలబెట్టి, బానెట్ తెరిచిన లారీ చుట్టూ మెకానిక్కులు మూగినట్టు నలుగురు తలలు దూర్చి ఉంటారు. ఆ నలుగురిలో ఒకరు రిటైరైన ఎలక్ట్రీషియన్ కావచ్చు, మరొకరు ఆ యంత్రానికి రూపకల్పన చేసినవారే కావచ్చు. ఆటగాడికీ, మరమ్మతు చేసేవాడికీ, తయారుచేసినవాడికీ మధ్య ఇంత తక్కువ దూరం ఉండే సమావేశాలు అరుదు. ప్రసంగాలు, కర్మాగార సందర్శనలు, పోటీలు, సంతకాల వరుసలు అన్నీ ఈ సమావేశంలో భాగమే.

ఈ ఆట మూలం మనకూ పరిచయమే. వేసవి సెలవుల్లో మేనమామ ఇంట్లో, గోడకు ఆనించిన వంపు చెక్క, మేకుల వరుసలు, అంకెలు వేసిన అరలు, స్ప్రింగు పుల్లతో కొట్టే గోళీలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ బ్యాగటెల్ బల్ల పద్ధెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సు విలాసగృహాల నుంచి వచ్చింది. దాన్ని కర్రతో పొడిచి ఆడేవారు. 1871లో సిన్సినాటీలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన కర్ర స్థానంలో స్ప్రింగు మీటను పెట్టి పేటెంటు తీసుకున్నాడు. 1931లో డేవిడ్ గాట్‌లీబ్ అమ్మిన 'బాఫుల్ బాల్' ధర 17.50 డాలర్లు. ఆర్థికమాంద్యంలో ఉద్యోగం లేనివాడికి ఒక్క పైసాకు కొన్ని నిమిషాల కాలక్షేపం, దుకాణదారుకు అద్దె డబ్బులు. ఆ బల్ల వేల సంఖ్యలో అమ్ముడుపోయింది.

గోళీ ఎక్కడ పడుతుందన్నది మేకుల దయ మీద ఆధారపడి ఉన్నంతకాలం దీన్ని జూదం అనటం పూర్తిగా అన్యాయం కాదు. 1930లలో గెలిచినవాడికి నాణేలు రాల్చే యంత్రాలు నిజంగానే వచ్చాయి. న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లగార్డియా ఇవి బడిపిల్లల జేబులు కొడుతున్నాయన్నాడు. 1942 జనవరిలో నిషేధం వచ్చింది. లోహం యుద్ధానికి కావాలన్న వాదన కూడా తోడైంది. మేయర్ స్వయంగా సుత్తి పట్టి యంత్రాలను పగలగొడుతున్న ఛాయాచిత్రాలు పత్రికలకెక్కాయి. విచిత్రమేమిటంటే, ఈ యంత్రాలకు పుట్టినిల్లయిన షికాగోలోనూ 1970ల దాకా వాటిపై నిషేధం ఉండేది. ఊళ్ళో చేయవచ్చు, ఆడకూడదు!

కథ మలుపు తిరిగింది 1947లో. గాట్‌లీబ్ కంపెనీలో హారీ మాబ్స్ రూపొందించిన 'హంప్టీ డంప్టీ'లో మొదటిసారి విద్యుత్తుతో కొట్టుకునే ఫ్లిప్పర్లు వచ్చాయి, ఆరు. అవి బల్లకు రెండు పక్కలా ఉండేవి, బలం తక్కువ. మరుసటి ఏడు జెన్కో కంపెనీలో స్టీవ్ కోర్డెక్ 'ట్రిపుల్ యాక్షన్'లో రెండే రెండు ఫ్లిప్పర్లను, ఎక్కువ బలంతో, బల్ల అడుగున పెట్టాడు. ఖర్చు తగ్గింది, ఆట పెరిగింది. ఇవాళ్టికీ ఆ అమరికే ప్రమాణం. కోర్డెక్ 1937లో వాన నుంచి తప్పించుకోవటానికి ఒక భవనం వసారాలోకి వెళ్తే, ఉద్యోగం కోసం వచ్చావా అని అడిగారట. ఆ భవనం జెన్కోది. గంటకు 45 సెంట్ల జీతం. నూటికి పైగా ఆటల్లో ఆయన చేయి ఉంది. ఎక్స్‌పోకు వచ్చినవారికి ఆయన పెద్దదిక్కులా ఉండేవాడు. 2012లో, నూరేళ్ళు నిండిన రెండు నెలలకు కన్నుమూశాడు. చరిత్రకారుడికి ఇది ఇబ్బందికరమైన విషయం. ఎందుకంటే ఈ పరిశ్రమ తన కాగితాలను పెద్దగా దాచుకోలేదు. దాని జ్ఞాపకం చాలావరకు ఇలాంటి మనుషుల్లోనే ఉండేది.

చట్టం చేసిన పని యంత్రాల్లోనూ చదవవచ్చు. గెలిచినవాడికి ఉచితంగా మరో ఆట ఇవ్వటం కూడా కొన్నిచోట్ల బహుమానం కిందికే, అంటే జూదం కిందికే వచ్చేది. అందుకని 1960లో గాట్‌లీబ్ సంస్థ మరో ఆటకు బదులు అదే ఆటలో మరో గుండునిచ్చే యంత్రాలు తెచ్చింది. పక్కపక్కన పెట్టిన రెండు జంట యంత్రాల్లో ఒకటి ఆటనిస్తుంది, ఒకటి గుండునిస్తుంది. ప్రదర్శనలో అందరూ బొమ్మలు చూసి దాటిపోయే ఈ తేడా నా దృష్టిలో మొత్తం హాల్లోకెల్లా విలువైన పత్రం.

న్యూయార్క్ నిషేధం 1976లో తొలగింది. నగర మండలి సభ్యుల ఎదుట రోజర్ షార్ప్ అనే యువ పాత్రికేయుడు ఆడి చూపించాడు. తెచ్చిన యంత్రంలో ఏదో మోసముందని అనుమానించి, పక్కన ఉన్న రెండోదాని మీద ఆడమన్నారు. గుండు పైన నడిమి దారిలోంచే దిగుతుందని ముందే చెప్పి, మీట లాగి వదిలాడు. చెప్పినట్టే దిగింది. అందులో అదృష్టం పాలు ఎక్కువని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. నైపుణ్యాన్ని నిరూపించిన ఘట్టం అదృష్టం మీద నిలబడటం నవ్వు తెప్పించినా, నేర్పు లేనివాడు ఆ పందానికి సాహసించడు. ఇదే ప్రశ్న మన దగ్గర పేకముక్కల మీద వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తేల్చింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అంది. మూడు ముక్కలాటకు ఆ గౌరవం దక్కలేదు. అదృష్టం ఉందా అన్నది కాదు, ఏది ఎక్కువ అన్నదే రెండు దేశాల్లోనూ ప్రశ్న.

ఇక మిగిలింది నిలబెట్టుకోవటం. 1992 నాటి 'ఆడమ్స్ ఫ్యామిలీ' 20,270 యంత్రాలు తయారైంది. ఏడేళ్ళకే, 1999 అక్టోబరులో, విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ తయారీ మానేసింది. తరువాత దాదాపు పదేళ్ళకు పైగా చెప్పుకోదగ్గ తయారీదారు స్టెర్న్ ఒక్కటే. ఆ మధ్యకాలంలో రబ్బరు ఉంగరాలు, సర్క్యూట్ పలకలు, ప్లాస్టిక్ ముక్కలు తిరిగి చేసి పాతవాటిని నడిపించినవారు ఎక్కువగా ఈ అభిమానులే. అయితే ఆడితే బల్ల మీద రంగు అరుగుతుంది; దీపాల వేడికి వెనుక అద్దం మీది చిత్రం పొరలుగా రాలిపోతుంది. ఆడకపోతే స్విచ్చుల మొనలు మసకబారి యంత్రం మూగబోతుంది. కొందరు అద్దాన్ని తీసి భద్రపరచి, నకలు పెట్టి ఆడిస్తారు. కొందరు రాలిన చోట రాలినట్టే ఉంచుతారు. కొత్తగా మెరిసే యంత్రం కన్నా నాకు ఈ రెండో రకమే ఇష్టం. వాటి మూత తెరిస్తే లోపలి చెక్క మీద ఒక్కోసారి, ఏ కాయిల్ ఎప్పుడు మార్చిందీ ఎవరో మరమ్మతుదారు పెన్సిలుతో రాసుకున్న తేదీలు ఇంకా చదవటానికి వీలుగానే ఉంటాయి.